మనకు మనం చెప్పుకునే కారణం



మన ట్రస్టు స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపినవారికి చివరి పేజీలోని ప్రశ్న గుర్తుండే ఉంటుంది. 'గత సంవత్సరం చదువులో మీకు ఎదురైన ఇబ్బంది ఏమిటి? దానికి కారణం ఏమని మీరు అనుకుంటున్నారు?' అని అందులో అడుగుతాం. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సు చూడడానికి వేరే సభ్యులున్నారు. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులు చదవడం కొన్నేళ్లుగా నా వంతు. నేను షోలాపూర్‌లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ జవాబుకు మార్కులేమీ వేయం. కానీ పిల్లల గురించి మార్కుల జాబితా చెప్పని సంగతి ఈ మూడు గీతల్లో కనపడుతుంది.

మన పిల్లల్లో ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది ఒకటే. ఇంట్లో తెలుగు, బడిలో పదో తరగతి దాకా మరాఠీయో, కన్నడమో, ఒడియానో. పదకొండో తరగతి సైన్సులో చేరగానే పుస్తకాలన్నీ ఇంగ్లీషు. పదిలో 85 శాతం తెచ్చుకున్న పిల్ల పదకొండులో 55 దగ్గర ఆగుతుంది. ఇది ఎవరికైనా దెబ్బే. అయితే ఈ దెబ్బకు పిల్లలు రాసే కారణాలు మాత్రం మూడు రకాలుగా ఉంటాయి. కొందరు 'నాకు చదువు రాదు. మా ఇంట్లో ఎవరికీ అబ్బలేదు' అని రాస్తారు. ఇంకొందరు 'కాలేజీలో సరిగా చెప్పరు' అని ఊరుకుంటారు. మూడో రకం జవాబు ఇలా ఉంటుంది: 'మొదటి ఆరు నెలలు పాఠంలో మాటలు అర్థం కాలేదు. ఫిజిక్సులో ఎక్కువ కష్టమయింది, లెక్కల్లో అంత కాలేదు. ఇప్పుడు కొత్త పదాలు వేరే నోటుబుక్కులో రాసుకుంటున్నాను.'

ముగ్గురి మార్కులూ దాదాపు సమానం. ముగ్గురి ఇళ్లలోనూ మగ్గమో బీడీల చాటో తప్ప వేరే ఆధారం లేదు. మరి తేడా ఎక్కడుంది? ఈ తేడానే మనం మామూలు మాటల్లో దృక్పథం అంటాం. ఆ మాటను సభల్లో విని విని మనకు విసుగు పుట్టింది కానీ, దాని వెనక యాభై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది. అది తెలుసుకుంటే విద్యార్థులకూ పెద్దలకూ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో ఒక ప్రయోగం చేశారు. తప్పించుకునే వీల్లేని కరెంటు షాకులు తిన్న కుక్కలు, తరవాత తప్పించుకునే దారి ఎదురుగా ఉన్నా కదలకుండా కూర్చుండిపోయాయి. ఏం చేసినా లాభం లేదన్న సంగతి అవి నేర్చుకున్నాయని వారు అనుకున్నారు. దానికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. తరవాత మనుషుల మీద, షాకులు కాదు, ఆపడానికి వీల్లేని పెద్ద చప్పుడుతో ఇలాంటి పరీక్షలే జరిగాయి. చాలామంది కుక్కల్లాగే చేతులెత్తేశారు. కొందరు మాత్రం ఎత్తలేదు. అదే చప్పుడు, అదే గది, అదే ఓటమి. అయినా వీళ్లు రెండో గదిలోకి వెళ్లగానే మళ్లీ మీటలు నొక్కి చూశారు.

ఎందుకు? ఈ ప్రశ్నకు 1978లో సెలిగ్మన్, లిన్ అబ్రామ్సన్, జాన్ టీస్డేల్ కలిసి జవాబిచ్చారు. దెబ్బ తగిలినప్పుడు మనిషి వెంటనే తనకు తాను ఒక కారణం చెప్పుకుంటాడు. ఆ కారణంలో మూడు సంగతులు ఉంటాయి. ఇది ఎప్పటికీ ఇంతేనా, కొన్నాళ్లేనా? అన్నిటికీ వర్తిస్తుందా, ఈ ఒక్కదానికేనా? తప్పంతా నాదేనా, వేరే కారణాలు కూడా ఉన్నాయా? 'నాకు చదువు రాదు' అనే మూడు మాటల్లో మూడింటికీ జవాబు ఉంది చూడండి. ఎప్పటికీ రాదు, ఏదీ రాదు, నాలోనే లోపం. ఇలా చెప్పుకున్న పిల్ల రేపు పుస్తకం తెరవడానికి కారణమేముంది? తనకు తెలియకుండానే తలుపు వేసి గడియ పెట్టుకుంది. నోటుబుక్కు పిల్ల 'మొదటి ఆరు నెలలు' అంది, 'ఫిజిక్సులో' అంది, 'మాటలు అర్థం కాలేదు' అంది. ఆమె కష్టానికి ఒక హద్దు ఉంది. హద్దు ఉన్నదాన్ని దాటవచ్చు.

మరి రెండో రకం జవాబు సంగతేమిటి? తప్పు కాలేజీ మీద వేసినవాడి మనసు తేలికపడుతుంది, నిజమే. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనవాళ్లు ఊరికే పుట్టించలేదు. కాని అన్నిసార్లూ అది సాకు కాదు. మద్దెల నిజంగానే ఓడుగా ఉన్న కాలేజీలు నాకు తెలుసు. లెక్చరరు పోస్టు ఏడాదంతా ఖాళీగా ఉన్నచోట పిల్లవాడు ఏం చేస్తాడు? అందుకని నేను చూసేది నింద ఎవరి మీద వేశాడన్నది కాదు. ఆ తరవాత ఇంకో వాక్యం ఉందా లేదా అన్నది. 'లెక్చరరు లేడు, అందుకని సీనియర్ దగ్గరికి వెళ్తున్నాను' అని రాసినవాడు ఉన్నమాటే చెప్పాడు, దాని పక్కన తన పనీ చెప్పాడు.

భాష విషయంలో కూడా ఇదే జరుగుతుంది. తమిళనాడులో 2006లో చేసిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి పోయి, 2016 నాటికి పదో తరగతి పరీక్షకు చేరింది. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు బడుల పిల్లలకు అది చిన్న కష్టమేమీ కాదు. వారి తరఫున కోర్టులదాకా వెళ్లవలసి వచ్చింది. అలాంటిచోట 'నాకు తమిళం రాదు' అని పిల్లవాడు అంటే అది వాడి తెలివితక్కువ కాదు, ఆలస్యంగా మొదలుపెట్టిన భాష. ఈ మాట వాడికి ఎవరైనా చెప్పాలి. అటువైపు చుట్టాల పెళ్లికి హైదరాబాదు వెళ్లినప్పుడు మన షోలాపూర్ పిల్లల తెలుగు విని అక్కడివారు నవ్వుతారు. ఇంటికొచ్చాక వాళ్లు 'మాకు తెలుగు సరిగా రాదు' అనుకుని నోరు మూసుకుంటారు. తాతలు వదిలి వచ్చిన ఊరి మాటను నాలుగు తరాలు దాచుకున్నవాళ్లు వీళ్లు! నవ్వినవాళ్లకు మరాఠీలో ఒక ఉత్తరం రాయమనండి చూద్దాం.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన మలుపు చెప్పాలి. దాదాపు యాభై ఏళ్ల తరవాత, 2016లో, అదే మేయర్, అదే సెలిగ్మన్ తమ పాత మాటను తామే తిరగరాశారు. మెదడు మీద జరిగిన పరిశోధనలు చూసి, మేము తలకిందులుగా అనుకున్నాం అన్నారు. ఎడతెగని కష్టం ముందు చేతులు వాలిపోవడం ఎవరూ నేర్చుకునేది కాదట, అది శరీరానికి సహజంగా వచ్చే స్పందన. నేర్చుకునేది దానికి వ్యతిరేకమైనది. అంటే, నేను చేసే పనికి ఫలితం ఉంటుంది అన్న సంగతి. నాకు ఈ మార్పు చాలా పెద్దదిగా తోస్తుంది. మార్కులు తగ్గి మూల కూర్చున్న పిల్లను 'నీకు ధైర్యం లేదు' అని తిట్టడంలో అర్థం లేదని దీనివల్ల తెలుస్తోంది. తిట్టే బదులు ఆమె చేత చిన్నదైనా ఒక పని చేయించి, దాని ఫలితం ఆమెకే కనిపించేలా చేయాలి. పది పదాలు నేర్చుకుంటే రేపటి పాఠంలో రెండు వాక్యాలు అర్థమయ్యాయి. ఆ రెండు వాక్యాలే మందు.

ఇక తల్లిదండ్రుల సంగతి. పిల్లలు చెప్పుకునే కారణాలు ఎక్కడినుంచి వస్తాయి? ఎక్కువగా మన నోటి నుంచే. 'మీ మేనమామ పోలిక, లెక్కలు ఎట్లొస్తయి' అని వంటింట్లో అన్న మాట దరఖాస్తులో తేలుతుంది. తిట్లు సరే, పొగడ్తలు కూడా చెరుపు చేస్తాయని చాలామందికి తెలియదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో క్లాడియా మ్యూలర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధన ఇది. ఐదో తరగతి పిల్లలకు మామూలు స్థాయి పజిళ్లు ఇచ్చారు. అందరూ బాగానే చేశారు. కొందరిని 'నువ్వు తెలివైనవాడివి' అని మెచ్చుకున్నారు, మరికొందరిని 'బాగా కష్టపడ్డావు' అని. తేడా ఈ ఒక్క వాక్యమే. తరవాత ఎలాంటి పని కావాలో ఎంచుకోమంటే, కష్టాన్ని మెచ్చుకున్న పిల్లల్లో పదింట తొమ్మిదిమంది ఏదైనా కొత్తగా నేర్చుకునే పని అడిగారు. తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది తెలివైనవాళ్లుగా కనిపించే పనే అడిగారు. ఆ తరవాత అందరికీ చాలా కష్టమైన పజిళ్లు ఇచ్చారు, అందరూ తప్పారు. మూడోసారి మళ్లీ మొదటి స్థాయివే ఇస్తే, తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లలకు ముందుకంటే తగ్గాయి, కష్టపడ్డారనిపించుకున్నవాళ్లకు పెరిగాయి. వేరే బడి పిల్లలకు తమ మార్కులు రాసి పంపమన్నప్పుడు, తెలివైనవాళ్లని పేరు పొందిన పిల్లల్లో దాదాపు 40 శాతం మంది ఎక్కువేసి రాశారు.

అబద్ధం ఆడిన ఆ పిల్లల మీద నాకు జాలి కలుగుతుంది. 'తెలివైనవాడు' అనే పేరు ఒకసారి ఇచ్చాక దాన్ని కాపాడుకోవడమే వాళ్ల పని అయిపోతుంది. మన ఇళ్లలో పండగకీ పబ్బానికీ పదిమంది చేరినచోట 'మావాడు పుస్తకం పట్టకుండానే ఫస్టు' అని చెప్పుకుంటాం. వాడు పక్కన నిలబడి వింటూ ఉంటాడు. పుస్తకం పట్టుకుంటే తెలివి లేనట్టే అని వాడికి మనం చెప్పినట్టు కాదా?

ఇంత చెప్పి, దీన్ని మంత్రంగా చూపించడం నాకు ఇష్టం లేదు. వ్యక్తిత్వ వికాసం పేరుతో హాళ్లలో మైకు పట్టుకుని, దృక్పథం మార్చుకుంటే జీవితమే మారిపోతుందని గంటకింత తీసుకునేవారున్నారు. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చూడండి. అమెరికాలో 12 వేలమందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లలు ఇందులో పాల్గొన్నారు. వారిలో కొందరికి, తెలివి అభ్యాసంతో పెరుగుతుందన్న సంగతిని గంట లోపు పాఠంగా చెప్పారు. వెనకబడిన పిల్లలకు గ్రేడు సగటు 0.1 పాయింటు పెరిగింది. అంతే. పైగా తోటి పిల్లలు కష్టమైన పనిని మెచ్చుకునే బడుల్లోనే ఫలితం బాగా కనబడింది. గంటసేపటి ఖర్చులేని పాఠానికి అది తక్కువేమీ కాదు, కానీ ఫీజు కట్టని ఇంట్లో, పుస్తకాలు లేని ఇంట్లో అది ఫీజూ కాదు, పుస్తకాలూ కాదు. అందుకే మన ట్రస్టు ఇచ్చేది డబ్బు, ఉపన్యాసం కాదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే తల్లితో 'సంతోషం మీ మనసులోనే ఉంది' అని చెప్పడానికి నాకు నోరు రాదు.

చదువును వదిలి మనుషుల దగ్గరికి వద్దాం. పైన చెప్పిన ఆ మూడు ప్రశ్నలు మార్కులకే కాదు, మన పక్కవారికి కూడా వర్తిస్తాయి. ఫ్రాంక్ ఫించమ్, థామస్ బ్రాడ్‌బరీ అనే పరిశోధకులు 1980, 90లలో దంపతుల మీద చేసిన పనిలో ఈ సంగతి తేలింది. సఖ్యత లేని ఇంట్లో ఒకరు చేసిన పొరపాటుకు రెండోవారు చెప్పుకునే కారణం 'ఈ మనిషి ఎప్పుడూ ఇంతే' అన్నట్టు ఉంటుంది. మంచి పని చేస్తే మాత్రం 'ఇవాళ ఏదో పనిబడి ఉంటుంది' అనుకుంటారు. సఖ్యత ఉన్న ఇంట్లో ఇది తిరగబడుతుంది. పొరపాటు ఆ రోజుది, మంచి ఆ మనిషిది. హాస్టల్లో ఉన్న కూతురు ఆదివారం ఫోను ఎత్తలేదనుకోండి. 'పుణె పోయినంక మమ్మల్ని మర్చిపోయింది' అనుకోవచ్చు, 'రేపు పరీక్ష ఉండొచ్చు' అనుకోవచ్చు. రెండింటిలో ఏది నిజమో ఆ క్షణాన తల్లికి తెలియదు. కానీ సాయంత్రం ఆ పిల్ల ఫోను చేసినప్పుడు మొదటి మాట ఎలా వస్తుందన్నది ఆ ఊహ మీదే ఆధారపడుతుంది. మొదటి మాట ముల్లులా వస్తే, వచ్చే ఆదివారం ఆ పిల్ల నిజంగానే ఫోను ఎత్తదు. అప్పుడు తల్లి ఊహ నిజమైనట్టే అనిపిస్తుంది.

కష్టంలో తోడుండడం గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చావుకీ జబ్బుకీ మనవాళ్లు పని మానుకుని వస్తారు. సంతోషంలో తోడుండడమే మనకు సరిగా చేతకాదని నా అభిప్రాయం. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు 2004లో తన సహచరులతో కలిసి దీన్ని చూశారు. ఒకరు మంచి వార్త చెప్పినప్పుడు రెండోవారు నాలుగు రకాలుగా స్పందించవచ్చు. ఉత్సాహంగా వివరాలు అడగవచ్చు. 'బాగుంది' అని ఊరుకోవచ్చు. ఆ వార్తలోనే లోటు వెతకవచ్చు. లేదా మాట మార్చేయవచ్చు. ఈ నాలుగింటిలో మొదటిది ఒక్కటే ఆ బంధాన్ని గట్టిపరుస్తుందని వారికి తేలింది. మెత్తగా 'బాగుంది' అని ఊరుకోవడం కూడా సరిపోలేదు.

మొన్నటి ఇంటర్వ్యూలో ఒక అమ్మాయిని, పాలిటెక్నిక్ సీటు వచ్చినప్పుడు ఇంట్లో ఏమన్నారని అడిగాను. 'హాస్టల్ ఫీజు ఎంత అన్నరు సార్' అంది. తండ్రి పక్కనే ఉన్నాడు, తల దించుకున్నాడు. ఆయనను తప్పుపట్టలేం. పవర్‌లూమ్ మీద వారం కూలి లెక్క ఆయన తలలో ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, ఆ ప్రశ్న అడగక తప్పదు. నేను అనేది అడగవద్దని కాదు, రెండో ప్రశ్నగా అడగమని. ముందు 'ఎట్ల తెలిసింది బిడ్డా? లిస్టుల పేరు చూసినప్పుడు పక్కన ఎవరున్నరు?' అని అడిగి, ఆ పిల్ల చెప్పేదాకా విని, ఆ తరవాత ఫీజు సంగతికి వస్తే ఏం పోయింది? అయిదు నిమిషాల ఆలస్యం. ఈ మాట ఆయనతో అన్నాను. ఆయన కూతురి వైపు తిరిగి, నా ముందే ఆ ప్రశ్న అడిగాడు. ఆ పిల్ల చాలాసేపు చెప్పింది. తరవాత ఇంటర్వ్యూకు రావలసినవాళ్లు బయట కూర్చునే ఉన్నారు, అయినా మేమెవరం ఆపలేదు.

పిల్లలకు కూడా ఒక మాట. మీ అమ్మానాన్నలకు మంచి వార్తలు ఉండవనుకోకండి. కొత్త బీములో ఒక్క పోగు తెగకుండా నేసిన రోజు, చిట్టీ పాట తక్కువకు దక్కిన రోజు వాళ్లకు పండగే. వాళ్లు చెప్పబోతే మీరు ఫోనులోంచి తల ఎత్తకుండా 'ఆఁ' అనడం కూడా పైన చెప్పిన నాలుగింటిలో ఒకటి. ఏదో మీకే తెలుసు.

చివరగా ఒక ముఖ్యమైన సంగతి. ఇంతవరకు రాసినదంతా మామూలు దిగులుకు, మామూలు ఓటమికి సంబంధించినది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కాకపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచన రావడం దృక్పథం లోపం కాదు. వాటికి వైద్యం ఉంది, జ్వరానికి ఉన్నట్టే. 'మనసు గట్టి చేసుకో' అన్న మాట అక్కడ పనిచేయదు, పైగా ఆ పిల్లవాడు ఇక నోరు విప్పకుండా చేస్తుంది. పరీక్ష ఫలితాల సమయంలో ఇది మరీ ముఖ్యం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల తరవాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మూల్యాంకనం మీదే తరవాత పెద్ద వివాదం నడిచింది. ఆ కాగితం మీది అంకెలు ఆ పిల్లల గురించి చివరి మాట కావని వాళ్లకు ఆ రాత్రి చెప్పేవారు ఉండాల్సింది.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది. తెలుగుతో పాటు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ భాషల్లో కూడా మాట్లాడవచ్చు. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా నంబరు ఇదే. పేరు చెప్పనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. విద్యార్థులతో పాటు పిల్లల గురించి బెంగపడే తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. ఈ జూన్‌లో హాస్టల్‌కు బయలుదేరే పిల్లల ఫోనుల్లో, అమ్మ నంబరు కింద, దీన్ని కూడా ఎక్కించి పంపండి.